తుపాకీ కన్నా కాగితమే ఖరీదు

2018 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం రాక్ ఐలండ్‌లో జరిగిన వేలంపాటలో ఒక పాత రివాల్వర్ 18 లక్షల 40 వేల డాలర్లకు పోయింది. 1847లో తయారైన కోల్ట్ వాకర్ అది. రెండు కిలోల పైచిలుకు బరువు, తొమ్మిదంగుళాల గొట్టం. నడుముకు కట్టుకోవడం కష్టమని ఆ రోజుల్లోనే గుర్రపు జీనుకు వేలాడదీసేవారు. దాన్ని పేల్చాలని ఎవరూ కొనరు. పదేళ్ల ముందు, 2008లో, మరో వాకర్ 9 లక్షల 20 వేల డాలర్లు పలికితేనే సేకర్తలు నోళ్లు వెళ్లబెట్టారు. రెండూ ఒకే కార్ఖానాలో ఒకే ఏడాది తయారైనవే. కాలం గడిచి ధరలు పెరిగిన మాట నిజమే కానీ, 2018 నాటి తుపాకీకి ఉన్న అసలు బలం వేరు. దాన్ని మొదట కొన్నది డెన్మార్క్‌కు చెందిన ఓడ కెప్టెన్ అని తెలుసు. ఆ తర్వాత ఎవరెవరి చేతులు మారిందో తెలుసు. దానితో పాటు వచ్చిన చెక్కపెట్టె, సరంజామా కూడా చెక్కుచెదరలేదు. సైన్యానికి కాకుండా బయటివాళ్లకు అమ్మిన వాకర్లలో పెట్టెతో సహా మిగిలింది, తెలిసినంతలో, అదొక్కటే.

అమెరికాలో పెర్కషన్ రివాల్వర్లు సేకరించేవాళ్ల లోకం పైకి తుపాకుల పిచ్చిలా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అది నంబర్లు, ముద్రలు, ఉత్తరాలు, జాబితాలు చదివేవాళ్ల లోకం. ఇనుప ముక్కకు విలువ తెచ్చేది దాని వెంట వచ్చిన రాత. పాత వస్తువులు బోలెడున్నా వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టుకోని మనకు, ఆ లోకం నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. అక్కడ జరిగిన తప్పులు చూసి జాగ్రత్తపడవలసింది మరొకటుంది.

మందు, గుండు, టోపీ

పెర్కషన్ రివాల్వర్‌లో ఇప్పటి తూటా పట్టదు. సిలిండర్‌లో ఐదో ఆరో గదులుంటాయి. ఒక్కో గదిలో ముందువైపు నుంచి నల్లమందు పోసి, దానిమీద సీసపు గుండు పెట్టి, గొట్టం కింద అమర్చిన మీటతో గట్టిగా దిగవేయాలి. గది వెనక ఉన్న చిన్న మొనకు రాగి టోపీ తొడగాలి. ఆ టోపీలో పాదరసం ఫల్మినేట్ మందు ఉంటుంది. హ్యామర్ దెబ్బ పడగానే అది భగ్గుమంటుంది, ఆ నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది. మన్యం ఊళ్లలో పంట కాపలాకు పెట్టుకునే నాటు తుపాకీ చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. తేడా అల్లా నాటు తుపాకీ ఒక్కసారి పేలితే మళ్లీ మొదటి నుంచి మందు కూరాలి. రివాల్వర్ అయితే సిలిండర్ తిరుగుతుంది, ఇంకో గది సిద్ధంగా ఉంటుంది.

దెబ్బకు పేలే మందును తుపాకీకి పనికొచ్చేలా చేసి 1807లో పేటెంట్ తీసుకున్నది స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే చర్చి పాస్టరు. ఆయనకు పక్షుల వేట ఇష్టం. చెకుముకి తుపాకీలో ముందు మెరుపు, తర్వాత మోత. ఆ సందులో పక్షి ఎగిరిపోయేది. ఆ చిరాకులోంచి పుట్టిన ఊహ యాభై ఏళ్లు తిరక్కముందే ప్రపంచంలోని పెద్ద సైన్యాలకు చేరింది. 1857లో మన సిపాయిలు ముట్టుకోబోమన్న తూటా పొట్లాల ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కూడా ఈ టోపీతో పేలేదే.

సామ్యూల్ కోల్ట్ 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంట్ పొందేనాటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు. న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో పెట్టిన మొదటి కంపెనీ 1842లో దివాలా తీసింది. ఆ ఆరేళ్లలో తయారైన రివాల్వర్లు మూడు వేలు దాటవు. వాటిలో పెద్దదైన ఐదో నంబరు ప్యాటర్సన్‌లను టెక్సాస్ రిపబ్లిక్ 1839లో తన నౌకాదళానికి 180 కొన్నది. తర్వాత అవి టెక్సాస్ రేంజర్లనే గస్తీ దళం చేతికి వచ్చాయి. 1844 జూన్‌లో జాక్ హేస్ వెంట ఉన్న పదిహేను మంది దాకా రేంజర్లు తమకన్నా ఎన్నో రెట్లున్న కొమాంచీ తెగ యోధుల్ని ఈ ఐదు దెబ్బల తుపాకులతో ఎదుర్కొన్నారు. ఆ పోరులో ఉన్న సామ్యూల్ వాకర్ 1846లో కోల్ట్‌కు ఉత్తరం రాశాడు. మెక్సికోతో యుద్ధం మొదలైంది, తుపాకులు కావాలి, ఇంకా పెద్దవి కావాలి. కోల్ట్‌కు అప్పటికి కార్ఖానా లేదు. కనెక్టికట్‌లోని విట్నీవిల్‌లో ఎలీ విట్నీ జూనియర్ కార్ఖానాలో వెయ్యి రివాల్వర్లు చేయించి ప్రభుత్వానికి ఇచ్చాడు. ఇంకో వంద బయట అమ్మకానికి. అదే వాకర్ కోల్ట్. తన పేరున్న తుపాకీల జత చేతికొచ్చిన కొద్ది రోజులకే, 1847 అక్టోబరులో, మెక్సికోలోని వామాంట్లా దగ్గర వాకర్ చనిపోయాడు. ఆ ఆర్డరు డబ్బుతో కోల్ట్ మాత్రం హార్ట్‌ఫర్డ్‌లో మళ్లీ నిలదొక్కుకున్నాడు.

ఈ తరహా తుపాకీ అమెరికాలో అంతకాలం నిలవడానికి ఒక పేటెంట్ గొడవ కూడా కారణం. సిలిండర్‌ను వెనక దాకా తొలిచి, లోహపు తూటాను వెనక నుంచి పెట్టే పద్ధతికి రోలిన్ వైట్ 1855లో పేటెంట్ తీసుకున్నాడు. దాని హక్కు స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేతిలో ఉండిపోయింది. 1869లో ఆ పేటెంట్ గడువు తీరేదాకా కోల్ట్, రెమింగ్టన్ లాంటి పెద్ద కంపెనీలు మందు, గుండు, టోపీతోనే నెట్టుకురావలసి వచ్చింది. అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో లక్షల మంది చేతికిచ్చినవి ఇవే. గడువు తీరగానే చాలా పాతవాటిని లోహపు తూటాలకు పనికొచ్చేలా మార్చేశారు. 1873లో కోల్ట్ కొత్త తరహా రివాల్వర్ తెచ్చింది. అసలు రూపంలో మిగిలిన పెర్కషన్ తుపాకుల సంఖ్య ఆ మార్పిడిలోనే తగ్గిపోయింది.

బల్లమీద ఒక నేవీ కోల్ట్

1851 నాటి నేవీ మోడల్‌ను ఒక పాత సేకర్త ఎలా చూస్తాడో చూస్తే ఈ విద్య లోతు తెలుస్తుంది. ఈ మోడల్ హార్ట్‌ఫర్డ్‌లో రెండు లక్షల పైన, లండన్‌లోని పిమ్లికోలో కోల్ట్ కొద్ది ఏళ్లు నడిపిన కార్ఖానాలో నలభై వేల పైన తయారైంది. కాబట్టి నేవీ కోల్ట్ అనగానే అరుదు అయిపోదు. ఏ నేవీ కోల్ట్ అన్నదే ప్రశ్న.

ముందుగా తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసుకుంటాడు. నూట యాభై ఏళ్లుగా లోపల మందు, గుండు అలాగే ఉన్న తుపాకులు ఇప్పటికీ అటకల మీద దొరుకుతుంటాయి. తర్వాత గొట్టం పక్కన అడ్డంగా దిగిన చిన్న ఉక్కు చీలను నెమ్మదిగా తోస్తాడు. ఈ తరహా కోల్ట్ తుపాకీకి పైన పట్టీ ఉండదు. గొట్టాన్నీ ఫ్రేమునూ కలిపి ఉంచేది ఆ చీల ఒక్కటే. అది రాగానే గొట్టం, సిలిండర్, ఫ్రేము మూడు ముక్కలై బల్లమీదికి వస్తాయి. గొట్టం అడుగున నంబరు. ఫ్రేము కింద నంబరు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి కమాను మీద, పిడి వెనక పట్టీ మీద, సిలిండర్ మీద అదే నంబరు. ఆఖరికి ఆ చీల మీద కూడా. చెక్కపిడి విప్పి లోపలివైపు చూస్తే, సిరాతో రాసిన అదే నంబరు వెలిసిపోయి కనబడవచ్చు. ఇన్నిచోట్లా ఒకే అంకె ఉంటే ఆ ముక్కలన్నీ పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయని అర్థం. సైన్యంలో వందల తుపాకులు ఒకేసారి విప్పి కడిగి బిగించేటప్పుడు చీలలు, సిలిండర్లు తారుమారయ్యేవి. చీల నంబరు తేడాగా ఉంటే సేకర్త పెదవి విరిచి ఊరుకుంటాడు. సిలిండర్ నంబరు తేడా అయితే ధర సగంలో కూర్చుంటుంది.

ఆ తర్వాత నంబరుకూ రూపానికీ పొత్తు కుదిరిందా అని చూస్తాడు. నేవీ మోడల్‌లో మొదటి నాలుగు వేల చిల్లర తుపాకులకు మాత్రమే ట్రిగ్గర్ కమాను వెనకవైపు చదరంగా ఉంటుంది. తర్వాత అది గుండ్రంగా మారింది. ఎనభై వేల నంబరు తుపాకీకి చదరపు కమాను కనిపిస్తే ఎవరో ఎప్పుడో చెయ్యి పెట్టినట్టే. సిలిండర్ చుట్టూ ఓడల యుద్ధం బొమ్మ ఉంటుంది. 1843 మే 16న కాంపెచే దగ్గర టెక్సాస్ నౌకాదళం మెక్సికో ఓడలతో చేసిన పోరు అది. బ్యాంకు నోట్ల చెక్కడంలో పేరున్న వాటర్‌మన్ ఆర్మ్‌స్‌బీ గీసిన బొమ్మను రోలరుతో సిలిండర్ మీద ఒత్తారు. వాడుకలో మొదట అరిగేది అదే. తెరచాపల తాళ్లు ఇంకా విడివిడిగా కనిపిస్తే ఆ తుపాకీ తోలు సంచిలో ఎక్కువ కాలం రాపిడి పడలేదని తెలుస్తుంది.

చివరగా భూతద్దం. అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, మెత్తబడ్డాయా? మరచీలల చుట్టూ లోహం చదునుగా ఉందా, సాన పట్టిన చోట గిన్నెలా దిగిందా? టోపీలు పెట్టే మొనల చుట్టూ గుంటలు పడ్డాయా? పాత టోపీల మందు పేలాక మిగిల్చే ఉప్పు తుప్పు పట్టిస్తుంది. కాబట్టి తరచుగా పేల్చిన తుపాకీకి అక్కడ గుంటలు ఉండి తీరాలి. మొనల దగ్గర గుంటలుండి, పక్కనే నీలిరంగు మెరుగు నిగనిగలాడుతోందంటే రంగు కొత్తగా వేశారన్నమాట. మనవైపు పాత బిందెకు మెరుగు పెట్టిస్తే పరువు పెరుగుతుంది. అక్కడ పాత తుపాకీకి మెరుగు పెట్టిస్తే ధర పడిపోతుంది. కార్ఖానా నాటి నీలిరంగు నూటికి ఎన్నో వంతు మిగిలిందో లెక్కగట్టి, ఆ శాతాన్నే ధరకు కొలమానంగా వాడతారు.

తక్కువ చేసినవి, తక్కువ మిగిలినవి

ప్రభుత్వం తీసుకున్న వెయ్యి వాకర్లకు వరుస నంబర్లు ఉండవు. సైనిక దళాల వారీగా ఎ, బి, సి, డి అక్షరాల కింద ఒక్కోదానికి 1 నుంచి 220 దాకా, ఇ కింద 1 నుంచి 120 దాకా వేశారు. బయటివాళ్లకు అమ్మిన వందకు 1001 నుంచి 1100. కాబట్టి ఒక వాకర్ మీద ఉన్న అక్షరం చూస్తే అది యుద్ధంలో ఏ దళానికి వెళ్లిందో తెలిసిపోతుంది. వెళ్లినవాటిలో చాలా తిరిగి రాలేదు. అప్పటి ఇనుము ఆ భారీ మందు దెబ్బకు తట్టుకోలేక ఎన్నో సిలిండర్లు పేలిపోయాయి. కొన్ని మెక్సికోలోనే పోయాయి. మిగిలినవాటిని వాడి వాడి అరగదీశారు. అంత ధర ఎందుకంటే ఆ తుపాకీ బతికిన బతుకు అలాంటిది కనుక.

దీనికి సరిగ్గా ఎదురు కథ రోజర్స్ అండ్ స్పెన్సర్‌ది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈ కంపెనీ ప్రభుత్వానికి 5,000 రివాల్వర్లు 1865లో అందించేసరికి అంతర్యుద్ధం అయిపోవచ్చింది. ఒక్క సైనికుడికీ ఇవ్వకుండా గోదాములో పడేశారు. 1901లో న్యూయార్క్ పాత సైనిక సామాన్ల వ్యాపారి ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్ వాటిని కొనేశాడు. హడ్సన్ నదిలో ఒక దీవి కొని, తన సరుకు దాచుకోవడానికి కోటలాంటి గోదాము కట్టించుకున్న మనిషి ఆయన. తయారైంది ఐదు వేలే అయినా, చాలావరకు కొత్తవాటిలా మిగిలాయి కనుక ఇవి వాకర్ల ధర దరిదాపుల్లోకి కూడా రావు. పుట్టింది ఎన్ని అన్న లెక్క ఒక్కటే చాలదు, ఎలాంటి కాలం దాటి వచ్చాయన్నదీ చూడాలి.

అంతకన్నా ఆలోచింపజేసేది గ్రిస్‌వోల్డ్ రివాల్వర్ల సంగతి. కనెక్టికట్‌లో పుట్టి జార్జియాలో స్థిరపడిన సామ్యూల్ గ్రిస్‌వోల్డ్ పత్తి గింజలు తీసే యంత్రాలు చేసేవాడు. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాక ఆర్విన్ గన్నిసన్‌తో కలిసి 1862లో తుపాకులకు మళ్లాడు. ఇనుము కరువు. అందుకని నేవీ కోల్ట్ నమూనానే తీసుకుని ఫ్రేమును రాగి పాలు ఎక్కువున్న లోహంతో పోతపోశారు. ఆ ఎర్రటి ఛాయ నేటికీ గుర్తు. సిలిండర్‌కు మామూలు ఇనుప కడ్డీని మెలితిప్పి బలపరిచారు. భూతద్దంలో ఆ మెలిక గీతలు కనిపిస్తే అసలుదని సగం నమ్మవచ్చు. 1864 నవంబరులో ఉత్తరాది జనరల్ షెర్మన్ సేనల రౌతులు ఆ కార్ఖానాను తగలబెట్టేదాకా మూడున్నర వేలకు పైగా చేశారు. దక్షిణాదిలో మరెవరూ అన్ని చేయలేదు. అక్కడ పనిచేసినవాళ్లు ఇరవై నాలుగు మంది. వారిలో ఇరవై రెండు మంది బానిసలు.

తమను బానిసలుగానే ఉంచాలని పోరాడుతున్న సైన్యానికి తుపాకులు చేసిన చేతులవి. ఆ తుపాకుల మీద సీరియల్ నంబర్లున్నాయి, కొన్ని గూఢమైన అక్షర ముద్రలున్నాయి. చేసిన మనుషుల పేర్లు మాత్రం లేవు. చీల మీద కూడా నంబరు వెతికే సేకర్తల విద్య ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. యజమాని రాయించిందే రికార్డు. రాయించకూడదనుకున్నది రికార్డులో ఉండదు. వాకర్ సిలిండర్ మీద రేంజర్లు కొమాంచీలను తరుముతున్న బొమ్మ ఉంటుంది. తరిమినవాళ్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి, తరమబడ్డవాళ్లు బొమ్మలోనే ఉండిపోయారు. అమెరికా సేకర్తలను మెచ్చుకునేటప్పుడు ఈ లోటు మరవకూడదు.

దొంగ సరుకు, మంచి పుస్తకాలు

ధర ఉన్నచోట దొంగ సరుకు ఉంటుంది. 1950ల చివర, అంతర్యుద్ధం వందేళ్ల ఉత్సవాలు దగ్గరపడుతుంటే, ఇటలీలోని గార్దోనే వాల్ త్రోంపియా లోయ కమ్మరులు నేవీ కోల్ట్‌కు నకళ్లు చేయడం మొదలుపెట్టారు. అవి బాహాటంగా నకళ్లుగా అమ్మినవే, వాటి మీద ఇటలీ తనిఖీ ముద్రలుంటాయి. కానీ ఆ ముద్రలు అరగదీసి, ఆమ్లంలో ముంచి, మట్టిలో పాతిపెట్టి, ఇత్తడి ఫ్రేమున్న నకలును గ్రిస్‌వోల్డ్ అని అంటగట్టే ఘనులు వెంటనే పుట్టుకొచ్చారు. అసలు తుపాకీకే దొంగ కథ కట్టబెట్టడం ఇంకో రకం. ఫలానా జనరల్‌ది, ఫలానా బందిపోటుది అని పిడి వెనక పట్టీ మీద పేరు చెక్కిస్తే చాలు. అసలుదైన రుజువుకు పలికే ధర ఎంతో చెప్పాలంటే, బందిపోటు బిల్లీ ది కిడ్‌ను షెరీఫ్ ప్యాట్ గారెట్ కాల్చిన రివాల్వర్ 2021లో అరవై లక్షల డాలర్లు దాటింది. అది పెర్కషన్ తుపాకీ కూడా కాదు, లక్షల్లో తయారైన మామూలు కోల్ట్. కొన్నవాళ్లు డబ్బు పోసింది దాని వెంట వచ్చిన రుజువుకే.

ఈ మోసాలకు అక్కడివాళ్లు కనిపెట్టిన మందు, తెలిసింది అచ్చువేయడం. నార్మ్ ఫ్లేడర్‌మన్ అనే వ్యాపారి 1977లో మొదటిసారి తెచ్చిన అమెరికా పాత తుపాకుల గైడు తొమ్మిది కూర్పులకు వెళ్లింది. ఏ మోడల్ ఎన్ని చేశారు, నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఏ గుర్తులుంటాయి, ఎక్కడ మోసం జరుగుతుంది, ధర ఎంత అన్నవి అందులో వరుసగా ఉంటాయి. ఒక వ్యాపారి తన వ్యాపార రహస్యాలను పుస్తకంగా వేసి జనంలో పెట్టాడు. దక్షిణాది చేతి తుపాకుల మీద 1963లోనే ముగ్గురు కలిసి ఒక పెద్ద గ్రంథం రాశారు. ఒహాయో సేకర్తల సంఘం 1937 నాటిది. సంఘంలో ఎవరి దగ్గర ఏ నంబరు తుపాకీ ఉందో చెప్పుకుంటారు, బతికున్న తుపాకుల జాబితాలు తయారవుతాయి. 1864 ఫిబ్రవరిలో హార్ట్‌ఫర్డ్ కార్ఖానా కాలిపోయినప్పుడు కోల్ట్ తొలినాళ్ల లెడ్జర్లలో చాలాభాగం పోయింది. ఇవాళ మనకు తెలిసిన అంకెల్లో చాలావరకు సేకర్తలు తుపాకీ తర్వాత తుపాకీ తిరగేసి, నంబర్లు కలిపి, వెనక్కి కట్టుకుంటూ వచ్చినవే. కాలిపోయిన లెడ్జరును వస్తువుల మీద నుంచి మళ్లీ రాసుకున్నారన్నమాట.

అక్కడి చట్టం కూడా దీనికి దారి ఇచ్చింది. 1968 నాటి కేంద్ర చట్టం ప్రకారం 1898లోనో అంతకుముందో తయారైనది పురాతన వస్తువు. దాన్ని కొనడానికి తుపాకీ దుకాణం కాగితాలు అక్కర్లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు. దాచుకోవలసిన భయం లేదు కనుక నలుగురికీ చూపిస్తారు. నలుగురూ చూస్తేనే తప్పులు బయటపడతాయి.

మన వైపు

మన చరిత్ర ఇందుకు తలకిందులు. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్లు ఊళ్లలో ఆయుధాలు ఊడ్చేశారు. లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకీ ఉంచుకోకూడదంది, తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. పాత ఆయుధమనేది సంస్థానాల తోషాఖానాలో ఉండాలి, లేకపోతే పోలీసుల మాల్‌ఖానాలో ఉండాలి. మామూలు మనిషికి అది అటకమీద దాచిన నేరం. స్వతంత్రం వచ్చాక 1959 చట్టం కాస్త సందు ఇచ్చింది. కాలం చెల్లిన లేదా పురాతన విలువ ఉన్న ఆయుధం, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానిదైతే, దానికి మినహాయింపు ఉంది. పేలే స్థితిలో ఉన్న పెర్కషన్ రివాల్వర్ మాత్రం మన చట్టం దృష్టిలో తుపాకీయే. హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ చౌకగా దొరికిందని ముచ్చటపడి కొని, సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే మర్యాద దక్కదు. కోల్ట్ భార్య ఎలిజబెత్ ఇచ్చిన ఆయన సొంత సేకరణ హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో ఉంది. వెళ్లి కళ్లారా చూసి రావచ్చు.

కాబట్టి మనం నేర్చుకోవలసింది తుపాకులు పోగేయడం కాదు. వస్తువు వెంట రాత నడపడం. మనకు అది చేతకాని విద్య కూడా కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి 11 తుపాకులు, 1,390 తూటాలు, కత్తులు, బాయొనెట్లు పట్టుకెళ్లాడు. వెళ్లేముందు స్టేషన్ పుస్తకంలో ఏమేం తీసుకున్నాడో రాసి సంతకం పెట్టాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. చాటుగా దోచుకున్నాడన్న మాట పడకుండా, తెల్లదొర పుస్తకంలోనే తన లెక్క తాను రాశాడు. శత్రువు ఆయుధానికి అంత పద్ధతిగా రసీదు రాసిన మనిషి పుట్టిన నేల మీద, తాత వాడిన కత్తి ఎక్కడిదో మనవడికి తెలియని ఇళ్లు కోకొల్లలు.

ఇళ్లదాకా ఎందుకు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు ముద్దల కోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు. ఆ పనిని కళ్లారా చూసి రాసిన ఇంగ్లీషు వైద్యుడు హెన్రీ వాయిసీ వ్యాసం 1832లో అచ్చయింది. పేరుమోసిన పర్షియన్ కత్తుల్లో ఈ ఉక్కు ఉందని లోకం ఒప్పుకుంటుంది. కానీ ఫలానా మ్యూజియంలో ఉన్న ఫలానా కత్తి కోనసముద్రం ఉక్కుదని కాగితం చూపించి చెప్పడం గగనం. ఆ ఉక్కు కరిగించిన కమ్మరి పేరు ఒక్కటీ మనకు అందలేదు. గ్రిస్‌వోల్డ్ కార్ఖానాలోని ఇరవై రెండు మందికీ కోనసముద్రం కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లకూ జరిగింది ఒకటే. సరుకు ప్రపంచం తిరిగింది, చేసినవాళ్లు లెక్కల్లో లేరు.

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ దారిన రోజూ వేలమంది పోతారు. ఫ్రెంచి సైనికుడు రేమాండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన చోటు అది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలకు ఒక గ్యాలరీయే ఉంది. లోటు వస్తువులది కాదు, వాటి వివరాలది. పాత గడీల్లో, దివాణాల్లో, దేవాలయ భాండాగారాల్లో ఇంకా ఉన్న వస్తువులకు ఎవరు చేశారు, ఎవరిచ్చారు, ఏ ఏడాది, ఎంత బరువు, ఎక్కడ విరిగింది, ఎవరు అతికించారు అన్న వివరం లేదు. ప్రదర్శనలో పెట్టినప్పుడు అట్టముక్క మీద పద్దెనిమిదో శతాబ్దం అని ఒక్క ముక్క రాస్తే సరిపోయిందనుకుంటాం. ఆ ఒక్క ముక్క నిజమో కాదో పరీక్షించడానికి చూసేవాడికి దారి ఉండదు.

పట్టుకోవలసిన కొస

అమెరికా సేకర్తల పద్ధతిలో డబ్బు ఆశ ఉంది, యుద్ధం మీద మోజు ఉంది, దొంగ కథల బెడద ఉంది. ఓడిపోయిన దక్షిణాదిని ఆరాధించే ధోరణి కూడా కొందరిలో ఉంది. అవన్నీ మనకు అక్కర్లేదు. పట్టుకోవలసినవి మూడు. తప్పు పట్టడానికి వీలైనంత వివరంగా రాయడం మొదటిది. నంబరు, కొలత, మరక, అతుకు అన్నీ. తెలిసినదాన్ని గుప్పిట్లో పెట్టుకోకుండా అచ్చువేయడం రెండోది. నాణేలైనా, తాళపత్రాలైనా, పాత గ్రామఫోను రికార్డులైనా మనలో సేకరించేవాళ్లు తక్కువేం లేరు, జాబితా బయటపెట్టేవాళ్లే తక్కువ. బయటపెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. నిజానికి జాబితాలోకి ఎక్కిన వస్తువును దొంగ అమ్ముకోవడమే కష్టం. బాగుచేయించే ముందు ఆగడం మూడోది. పాత విగ్రహానికి రంగులేయడం, పాత కత్తికి సాన పట్టించడం, తాళపత్రం అంచులు కత్తిరించి అట్ట వేయడం మనకు భక్తిలా, శ్రద్ధలా అనిపిస్తుంది. అలా చెరిగిపోయేది మళ్లీ రాదు.

వీటికి తోడు వాళ్లు చేయలేకపోయినదొకటి మనం చేయవచ్చు. నిర్మల్‌లో, కొండపల్లిలో, పెంబర్తిలో, బుడితిలో చేతిపనివాళ్లు ఇవాళ మన కళ్లముందే పనిచేస్తున్నారు. కొన్నప్పుడు వస్తువుతో పాటు చేసినవాళ్ల పేరు, ఊరు, తేదీ అడిగి రాయించుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటితే ఆ వస్తువు పురాతనమవుతుంది. అప్పుడు దాన్ని చేతిలోకి తీసుకున్నవాడు, ఎవరు చేశారో తెలియని ఇత్తడి ముక్కను చూడాలా, పెంబర్తిలో ఫలానా మనిషి చేసిన పనిని చూడాలా అన్నది ఈరోజు కొంటున్నవాళ్ల చేతిలో ఉంది.